కలచబడిన నీళ్లు

(ధ్యానభాగము: యెహెజ్కేలు 34:17–19, ఆదికాండము 2:15)



యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయములో, మందను విడిచి తమ్మును తామే మేపుకొనిన కాపరులను దేవుడు గద్దించిన సంగతి మనమెరుగుదుము. అయితే ఆ గద్దింపు కాపరులతో ముగియలేదు. 17వ వచనము మొదలుకొని ప్రభువు గొఱ్ఱెలవైపే తిరుగుచున్నాడు. వాటి నేరమేమి? అవి కడుపునిండ మేసి, మిగిలిన మేతను త్రొక్కివేసినవి. తేట నీళ్లు త్రాగి, మిగిలిన నీళ్లను కాళ్లతో బురదచేసినవి. దాహము దేవుడిచ్చినదే గనుక త్రాగుట పాపము కాదు. వెనుక వచ్చువారిని తలంచకపోవుట పాపము.

ఈ మాటకు మన దేశములోనే సాక్ష్యమున్నది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ దేవుడు కొల్లేరు అను మంచినీటి సరస్సును ఉంచెను. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల వరదను అది తన యొడిలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపును. జాలరికి చేపయు, పశువునకు గడ్డియు, దూరదేశపు పక్షికి విడిదియు అందు దొరకుచుండెను.

1970ల తరువాత అక్కడ చేపలచెరువులు పెరిగెను. పేదల జీవనమునకని త్రవ్వినవి కొన్ని. పిమ్మట డబ్బుగలవారు త్రవ్వించినవి అనేకము. గట్టు వెనుక గట్టు లేచి నీటి దారులు ఇరుకాయెను. చెరువులలో వేసిన మేతయు మందులును కలిసిన నీరు తిరిగి సరస్సులోనే పడెను. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్ల మేర దానిని అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అది లోకమంతటికి ముఖ్యమైన చిత్తడినేలలలో ఒకటిగా ఎంచబడెను. 2006లో సర్వోన్నత న్యాయస్థానపు ఆజ్ఞ చొప్పున గట్లను తెగగొట్టిరి. అయినను అనేకచోట్ల అవి మరల లేచెను. 2024 సెప్టెంబరులో, కొల్లేరు చేరవలసిన బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలను ముంచెను. నీటికి మనము చోటు విడువనియెడల అది మన ఇండ్లలో చోటు వెదకును.

గట్టు తెగినప్పుడు పెద్దవాని పెట్టుబడితోపాటు పేదవాని కూలియు కొట్టుకొనిపోయెను. కాబట్టి ఆకలిగొన్నవానిని నిందించుటకు మేమిది వ్రాయుటలేదు. అయితే ధనవంతులు చేసిరి, అధికారులు ఊరకుండిరి అని రచ్చబండయొద్ద చెప్పుకొని లేచిపోవుదుమా? ప్రభువు గొఱ్ఱెలను కూడ లెక్క అడిగెను. పురుగుమందు డబ్బాను మనము ఏ కాలువలో కడుగుచున్నాము? గుడిలో ప్రేమవిందైన తరువాత ప్లాస్టిక్ గ్లాసులను ఏ గుంటలో పారవేయుచున్నాము? ఎక్కువ కౌలు వచ్చునని వరిచేనును రొయ్యల చెరువుగా త్రవ్వనిచ్చునప్పుడు, ఉప్పు ఊరు ప్రక్కచేనివానిని ఒక్కమాట అడిగితిమా?

దేవుడు ఆదామును ఏదెను తోటలో ఉంచి రెండు పనులు అప్పగించెను: సేద్యము చేయుట, కాపాడుట. మొదటిదానిని చక్కగా నేర్చుకొంటిమి, రెండవదానిని మరచితిమి. భూమి తనదనియు, మనము దానిమీద పరవాసులమనియు దేవుడు లేవీయకాండము 25:23లో తెలియజేసెను. మన మాటలలో చెప్పవలెనంటే మనము కౌలుదారులము. మంచి కౌలుదారుడు గడువు తీరినప్పుడు చేనిని చవిటినేలగా చేసి అప్పగించునా?

నిరాశపడనక్కరలేదు. ఆటపాకయొద్ద మనుష్యులు నిలిపిన మంచెలమీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచినవి. కాపాడు చేతులున్నచోట దేవుని సృష్టి త్వరగా తేరుకొనును. ఈ నెలలో ప్రతి సంఘమును ఒక పని చేయుదము గాక: మన ఊరి చెరువునో కాలువనో కలిసి చూచి, దానిని మలినపరచుచున్న మన చేతిపని ఏదో కనుగొని, దానిని మానుదము. ఆ దినమున పిల్లలను కూడ వెంటబెట్టుకొని పోవుదము. వెనుక వచ్చి ఆ నీరు త్రాగువారు వారే గదా.

ప్రార్థన: నీళ్లను కలుగజేసిన తండ్రీ, మేము త్రాగి కలచిన నీటికొరకు మమ్మును క్షమించుము. మా వెనుక వచ్చువారికి తేట నీళ్లు మిగుల్చు మనస్సును మాకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.