తీసిన ఫొటో ఒక బాకీ

అమ్మలూ,

యాషికా మ్యాట్ ఇమ్మని అడిగావు. నీదే, తీసుకెళ్లు. దాన్ని బీరువా మీద బొమ్మలా కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. మీ ట్రిపుల్ ఐటీ పిల్లలు పాత ఫిల్మ్ కెమెరాలు వెతికి మరీ కొంటున్నారనీ, వాటితో తీసిన ఫొటోల్లో ఫోన్‌కి రాని కళ ఏదో ఉంటుందనీ అన్నావు. ఉంటుంది, కాదనను. కాకపోతే ఆ కళంతా కెమెరాలోంచే వస్తుందని నువ్వు అనుకుంటున్నావు. నూజివీడులో స్టూడియో పని చేస్తూ ముసలివాణ్ణయ్యాను కనక చెబుతున్నాను, అందులో చాలా భాగం ఆ రోజుల్లో ఫొటో చుట్టూ ఉన్న పద్ధతి వల్ల వచ్చింది. కెమెరా ఇచ్చి పద్ధతి చెప్పకపోతే నీకు సగమే ఇచ్చినట్టు. ఓపిగ్గా చదువు తల్లీ.

ముందు వస్తువు సంగతి. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. పక్కనున్న పిడి తిప్పితే ఫిల్మ్ జరుగుతుంది, దాంతోపాటే షట్టర్ కూడా సిద్ధమవుతుంది. పై మూత తెరిచి తల వంచి చూస్తే గరుకు గాజు మీద బొమ్మ పడుతుంది, కుడి ఎడమలు తారుమారుగా. మనిషి కుడికి నడిస్తే గాజు మీద ఎడమకి నడుస్తాడు. మొదట్లో చిరాకేస్తుంది, తర్వాత చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. 120 రోలుకి 12 ఫొటోలే వస్తాయి. రోలు ఎక్కించేది, దించేది నీడలో. అయిపోయాక చివరి కాగితం తడిచేసి బిగుతుగా అంటించు. చుట్ట వదులైతే అంచుల్లోంచి వెలుతురు దూరి ఫొటో పక్కలు కాలిపోతాయి. లెన్సు పక్కన సెల్ఫ్ టైమర్ మీట ఉంటుంది, దాని జోలికి పోకు. పాత షట్టర్లలో అది ఇరుక్కుపోతే మొత్తం పని ఆగిపోతుంది. తోలు కేసులో పెట్టి మూసెయ్యకు, మన వానాకాలం చెమ్మకి లెన్సు లోపల బూజు పడుతుంది. ఇంకొకటి, కోతల కాలంలో తోటలోకి తీసుకెళ్తావు కదా, మామిడి సొన అంటిన చేతులతో అద్దాన్ని ముట్టుకోకు. ఆ జిగురు తుడిచినకొద్దీ పరుచుకుంటుంది.

తోటలో వెలుతురు గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను, అది నాకు ఇష్టమైన సంగతి. 100 ఏఎస్ఏ ఫిల్మ్‌కి బయట నిండు ఎండలో ఎఫ్ 16, షట్టర్ 125 పెడితే సరిపోతుంది. మీటర్ లేకుండా మేమంతా ఆ లెక్కతోనే బతికాం. కానీ మామిడి చెట్టు నీడ వేప నీడలాంటిది కాదు. ఆకు దట్టం, కొమ్మలు కిందకి దిగి ఉంటాయి. పెద్ద రసం చెట్టు కిందకి పది అడుగులు నడిస్తే మూడు నాలుగు స్టాపులు పడిపోతాయి, అంటే వెలుతురు ఎనిమిదో వంతుకో పదహారో వంతుకో వచ్చేస్తుంది. పైగా ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లులు ముఖం మీద పడతాయి. ఒక బుగ్గ తెల్లగా కాలిపోతుంది, ఇంకో బుగ్గ చీకట్లో ఉంటుంది. మనిషిని నడిమధ్యలో నిలబెట్టకు. నీడ అంచుకి, చిల్లులు పడని చోటికి తీసుకురా. ముఖం బయటి ఎండవైపు తిప్పమను, అక్కడి నేల మీంచి లేచే వెలుగు మెత్తగా ముఖం మీద పడుతుంది. రంగుల నెగెటివ్‌కి వెలుతురు కొంచెం ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే నీడలు బురదలా తయారవుతాయి. కాబట్టి ఎప్పుడూ నీడని చూసి లెక్కవెయ్యి. ఫోన్‌తో తీసేటప్పుడు లెక్క దీనికి తలకిందులు. అక్కడ తెలుపు కాలిపోతే మళ్లీ రాదు కనక ఎండని చూసి లెక్కవేసుకోవాలి.

ఫోన్ పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. ఫిల్మ్ గొప్పది, ఫోన్ తక్కువది అని ఎవరైనా అంటే నమ్మకు, ముఖ్యంగా నా వయసువాళ్లు అంటే. మా రోజుల్లో ఈ తోటల్లో చెట్టెక్కి కాయ కోసిన మనుషుల్లో ఎంతోమందికి బతికుండగా ఒక్క ఫొటో లేదు. పోయాక గోడకి ఆనించి కూర్చోబెట్టి, చుట్టూ బిడ్డల్ని నిలబెట్టి, ఆ ఒక్కటీ తీయించేవాళ్లు. అలాంటి ఫొటోలకి నేను కెమెరా భుజాన వేసుకుని వెళ్లాను. ఇవాళ కాయలు ఏరే ఆడమనిషి కొంగున దాచుకున్న ఫోన్ తీసి కూతురి ఫొటోలు వందల కొద్దీ చూపిస్తుంది. అది నా కళ్లకి పండగ. పాత కాలాన్ని ప్రేమించు కానీ, ఆ కాలం ఎవరెవరిని బయట నిలబెట్టిందో మరిచిపోయి ప్రేమించకు.

ఇక పద్ధతి. మా స్టూడియోలో ప్రతి నెగెటివ్‌కీ ఒక నంబరు ఉండేది. రిజిస్టర్‌లో ఆ నంబరుకెదురుగా పేరు, ఊరు, తేదీ, సైజు, ఎన్ని కాపీలు, అడ్వాన్సు ఎంత అని రాసేవాళ్లం. నెగెటివ్ పల్చటి కాగితం కవర్లో పెట్టి, అదే నంబరు వేసి డబ్బాలో సర్దేవాళ్లం. ఫొటో ఇచ్చేశాక పని అయిపోయేది కాదు. ఏళ్ల తర్వాత ఆగిరిపల్లి నుంచో చాట్రాయి నుంచో ఎవరో వచ్చి కౌంటర్ దగ్గర నిలబడేవారు. నాన్న పోయాడు, పెద్దకర్మకి పటం కట్టించాలి, ఎప్పుడో మీ దగ్గరే తీయించుకున్నాడు అనేవారు. తేదీ తెలిసేది కాదు. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాదికి ముందో తర్వాతో అనేవారు. సరే అని 1977 రిజిస్టర్ ముందేసుకుని, ముందు ఏడాది, తర్వాతి ఏడాది వెతికేవాళ్లం. నంబరు దొరికేది, కవరు దొరికేది, ఆ రాత్రే డార్క్ రూమ్‌లో ఎర్ర లైటు కింద ఆ మనిషి ముఖం ట్రేలో నెమ్మదిగా తేలేది. మే నెల అయితే ఆ ట్రే కింద ఇంకో ట్రేలో ఐసు ముక్కలు పెట్టాల్సి వచ్చేది, ఎందుకంటే డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి, మన కుళాయి నీళ్లే 30 దాటి ఉండేవి. పెళ్లిళ్లూ మామిడి కోతలూ ఒకేసారి వచ్చే నెలలో అంత శ్రమ ఎందుకు పడ్డామంటావా? తీసిన ఫొటోకి మేం పూచీ కనక.

రీటచింగ్ కూడా అందులోదే. అమ్మవారు పోసిన మచ్చలున్న ముఖాలు అప్పట్లో చాలా ఉండేవి. నెగెటివ్‌ని వెనకనుంచి వెలుతురు పడేలా బల్ల మీద పెట్టి, ముల్లులా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కో గుంటలో చుక్కలు వేసేవాళ్లం. నెగెటివ్ మీద నలుపు ప్రింటులో తెలుపు అవుతుంది కదా, గుంట పూడిపోయేది. మరీ నున్నగా చేస్తే మా గురువు ఒప్పుకునేవాడు కాదు. ఇంట్లోవాళ్లు గుర్తుపట్టని ముఖం మనం ఇవ్వకూడదు అనేవాడు. నీ ఫోన్‌లో ముఖాన్ని నున్నగా చేసే మీట నొక్కేముందు ఆయన మాట ఒకసారి తలుచుకో.

ఈ పూచీ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మన పాత కృష్ణా జిల్లావాడి కథే ఉంది. తెలుగు సినిమాకి పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య బందరువాడు. మద్రాసు వెళ్లి మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టి, అక్కణ్ణుంచి సినిమాలోకి నడిచాడు. 1921లో ఆయన కొడుకు ప్రకాశ్ 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. ఆ బొమ్మ ఇవాళ లేదు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద', 1932 నాటిది, అదీ లేదు. అదే సికింద్రాబాదులో స్టూడియో నడిపి నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల నెగెటివ్‌లు చూడు. ఆయన 1905లో పోయాడు. ఇంటివాళ్లు దాచారు కాబట్టి 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,800కు పైగా పలకల్ని తీసుకోగలిగింది. చేయి జారితే పగిలే గాజు మిగిలింది. దాచే మనిషి ఉండటమే తేడా.

మన చుట్టుపక్కల జరిగింది మొదటి రకమే. డిజిటల్ వచ్చి స్టూడియోలు మూతపడుతుంటే నెగెటివ్ డబ్బాలు తూకానికి పోయాయి, అందులోని వెండి కోసం. ఒక్కో డబ్బాలో ఒక్కో ఊరు ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఎవరిని తప్పుపట్టను? అద్దె కట్టాలి, పిల్లల్ని చదివించాలి. ఆ దెబ్బ మహామహులకే తగిలింది. 1975లో మొదటి డిజిటల్ కెమెరా తయారుచేసింది కొడాక్ ఇంజనీరే, స్టీవెన్ సాసన్. ఆ కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, మేం వాడిన ఇందు ఫిల్మ్ చేసిన కంపెనీ, అదీ మూతపడింది. ఇప్పుడు మళ్లీ గాలి మారింది. పెంటాక్స్‌వాళ్లు 2024లో చేత్తో ఫిల్మ్ తిప్పుకునే కొత్త కెమెరా అమ్మకానికి పెట్టారు. సంతోషమే. కానీ కెమెరాలు మళ్లీ తయారుచేయొచ్చు, తూకానికి పోయిన ముఖాల్ని ఎవరూ తయారుచేయలేరు.

ఇంకా దగ్గరి సంగతి చెప్పనా? మీ అమ్మ బోసినోటితో నవ్విన నెగెటివ్ నా దగ్గర ఉంది. మొన్ననే ప్రింటు వేయించాను, చెక్కుచెదరలేదు. నీ బోసినవ్వులు డిజిటల్ కెమెరాలో తీసి సీడీలో ఎక్కించారు. ఆ సీడీ ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనూ తెరుచుకోవట్లేదు. నీ ఈడు పిల్లల్లో చాలామందికి ఇదే కథ. కాబట్టి నీ ఫోన్‌లో ఉన్న వేల ఫొటోల్లోంచి ఏడాదికి ఒక యాభై ఏరు. కాగితం మీద వేయించు. మిగతావి రెండు చోట్ల దాచు.

అటక మీది ట్రంకు పెట్టె కూడా నీదే. అందులో మన ఇంటి నెగెటివ్‌లూ, మూతపడిన రోజు నేను తెచ్చుకోగలిగిన కొన్ని స్టూడియో డబ్బాలూ, వాటి రిజిస్టర్లూ ఉన్నాయి. తెరిచినప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వచ్చే కవర్లుంటే వాటిని వెంటనే వేరుచెయ్యి. ఫిల్మ్ చెడుతున్నప్పుడు వచ్చే ఆవిరి అది, పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. ముందు వాటినే స్కాన్ చేయించు. ప్లాస్టిక్ సంచుల్లో కట్టకు, కాగితం కవర్లే మంచివి. రేకుల గదిలో పెట్టకు. నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా, ఆ రిజిస్టర్లని ఊరి పేరుతో వెతికేలా ఎక్కించు. అప్పుడు ముసునూరు మనిషి వచ్చి అడిగితే నువ్వు వెతికివ్వగలవు.

నీ మొదటి రోలు సంగతి చెప్పి ముగిస్తాను. ఈరోజుల్లో ఒక రంగుల రోలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే వెయ్యి రూపాయలు దాటుతుంది. కడిగించడానికి హైదరాబాదుకో చెన్నైకో కొరియర్‌లో పంపాలి. ఆ పన్నెండు ఫొటోలూ కాలేజీ మెట్ల మీదా కాఫీ కప్పుల మీదా ఖర్చుపెట్టకు. చిన్న రసాలు కోతకి వచ్చాక తోటకి వెళ్లు. చిక్కం కర్ర పట్టుకున్న మనిషి ఉంటాడు, కాయలు సైజులవారీగా వేరుచేసే ఆడవాళ్లు ఉంటారు, రాత్రిళ్లు కాపలా కాసే ముసలాయన ఉంటాడు. ముందు కూర్చుని మాట్లాడు. తీయనా అని అడుగు, వద్దంటే ఊరుకో. పనివేళ ఆపకు, మధ్యాహ్నం అన్నాలయ్యాక తీయి. తీశాక ప్రింటు ఇస్తానని చెప్పావంటే, ఇచ్చి తీరాలి. కోతల మనుషులు సీజన్ అయిపోగానే వేరే ఊరు వెళ్లిపోతారు, అందుకని ఫోన్ నంబరూ ఊరూ అప్పుడే రాసుకో.

ప్రతిదీ రెండు కాపీలు వేయించు. ఒకటి వాళ్లకి, ఒకటి నెగెటివ్‌తో పాటు కవర్లో. పేరు, ఊరు, తేదీ కవరు మీద పెన్సిల్‌తో రాయి. ఫొటో వెనక బాల్‌పెన్‌తో అదిమి రాయకు, ముందువైపు గీత తేలుతుంది. ఇప్పటి ప్రింటు కాగితం వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ సరిగా పట్టదు. అందుకే కవరు మీద.

మీ తాతయ్య