కట్టని ఇంటికి కిస్తీలు

వడ్డీ నుంచి బయటపడ్డామని ఊరట చెందిన కుటుంబం ఒకవైపు అద్దె కడుతూ, మరోవైపు పునాదులు దాటని ఇంటికి నెలనెలా కిస్తీ కడుతూ ఉంటే, పత్రంలో వడ్డీ అనే మాట లేనంత మాత్రాన ఆ ఒప్పందం ధర్మసమ్మతమవుతుందా? మలేసియా ముస్లిములకు ఎదురైన ప్రశ్న ఇది.

అక్కడ 1983లో మొదటి ఇస్లామీ బ్యాంకు ఏర్పడింది. ఇళ్ల కొనుగోలుకు బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి 'బై బిసమన్ ఆజిల్', అంటే వాయిదా ధరకు అమ్మకం. కొనుగోలుదారు ముందుగా బిల్డరుతో ఒప్పందం చేసుకునేవాడు. ఆ హక్కును బ్యాంకు అతని నుంచి కొని, లాభం కలిపి, ఏళ్ల తరబడి కిస్తీల మీద తిరిగి అతనికే అమ్మేది. సొమ్ము మాత్రం పని సాగినకొద్దీ బిల్డరుకు చేరేది. బిల్డరు పని మధ్యలో వదిలేస్తే? ఇల్లు కట్టి ఇస్తామని తామెన్నడూ అనలేదని బ్యాంకు వాదన.

లాభం పుచ్చుకునేటప్పుడు అమ్మకందారు, నష్టం వచ్చినప్పుడు కేవలం డబ్బు సర్దినవాడు! 2008లో అక్కడి హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఇటువంటివి నిజమైన అమ్మకాలు కావన్నారు. 2009లో అప్పీలు కోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. తరువాత ఇతర పద్ధతులు ముందుకొచ్చాయి, ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

నష్టానికి బాధ్యత వహించేవానికే లాభం మీద హక్కు అన్నది దైవప్రవక్త (సఅసం) నేర్పిన సూత్రం. చెట్టు మీది పండ్లు అమ్మాక ఆపద వచ్చి అవి నాశనమైతే, సోదరుని సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావని కూడా ఆయన నిలదీశారు. (ఈ హదీసును ఎంతవరకు వర్తింపజేయాలన్న విషయంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉంది. మన హనఫీ పండితులు దీన్ని అన్ని అమ్మకాలకూ తప్పనిసరి చేయలేదు.) కాని పండ్లు కనీసం కాశాయి, ఈ ఇల్లు లేవనే లేదు.

బ్యాంకు వైపు మాటా వినాలి. అది బిల్డరుకిచ్చింది డిపాజిటుదారుల అమానతు. బిల్డరును ఎంచుకున్నది కొనుగోలుదారే. ఇది కొట్టిపారేయదగిన వాదన కాదు. అయితే ఫిఖహ్‌లో 'ఇస్తిస్నా' అనే మార్గం ఉంది. ఇల్లు కట్టించి అప్పగించే బాధ్యత బ్యాంకే తీసుకుంటుంది, వేరే ఒప్పందంతో బిల్డరుకు పని అప్పజెబుతుంది. అప్పుడు బిల్డరును పరీక్షించే అవసరం బ్యాంకుకే కలుగుతుంది. పరీక్షించగల శక్తీ దానికే ఉంది, జీతం మీద బతికే కొనుగోలుదారుకు లేదు. ఈ భారం వల్ల ధర కొంత పెరగవచ్చు. ఆ పెంపు బాధ్యతకు ప్రతిఫలం గనుక మాకు దానిపై అభ్యంతరం లేదు.

మలేసియాలోనే 2007లో పది శాతం ముందు, తొంభై శాతం ఇల్లు పూర్తయ్యాక చెల్లించే పద్ధతి కూడా వచ్చింది. దాన్ని తప్పనిసరి చేయకపోవడంతో ముందుకొచ్చిన బిల్డర్లు కొద్దిమందే.