బడి బయటి చదువు: ఎవరి ఇష్టం, ఎవరి పూచీ?

హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలు తమ బిడ్డను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తే దాన్ని 'హోంస్కూలింగ్' అంటారు. అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం అని మెచ్చుకుంటారు. జహీరాబాద్ పక్కన ఒక తండాలో అదే వయసు బిడ్డ బడికి పోకుండా ఇంట్లో ఉంటే 'డ్రాపౌట్' అని రాసుకుంటారు. ఇద్దరు పిల్లలూ బడిలో లేరు. ఒకరిది స్వేచ్ఛ, ఇంకొకరిది వెనకబాటు ఎట్లయింది?

ఇది వివక్షే అని కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ కొంచెం ఆగి చూద్దాం. పట్నంలో ఆ ఇంట్లో చదువు చెప్పగల తల్లి ఉంది, ఆమెకు తీరిక ఉంది, పుస్తకాలున్నాయి, బిడ్డ కూలి పైసలతో ఇల్లు గడవాల్సిన అవసరం లేదు. రేపు కావాలంటే ఆ బిడ్డ ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తుంది, కాలేజీకి పోతుంది. మన దగ్గర దీపావళి దాటితే చెరుకు కోతకు బండ్లు కడతారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇంటివాళ్లు నాలుగైదు నెలలు ఊరు విడిచి పోతారు. వెంట పోయిన పిల్ల గుడిసెలో చిన్న తమ్ముణ్ని ఎత్తుకొని, వంట చేసి, నీళ్లు మోస్తుంది. ఆ పిల్ల బడి వద్దనుకోలేదు. వద్దనుకునే అవకాశమే ఆమెకు రాలేదు. తేడా అక్కడ ఉంది. మళ్లీ లోపలికి రావడానికి తలుపు తెరిచి ఉన్నప్పుడే బయట ఉండటం స్వేచ్ఛ అవుతుంది.

అట్లని ఇంట్లో నేర్చుకునేది చదువు కాదా? తీజ్ పండుగకు పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడి మొలకలు పెంచుతారు. మొలక ఎట్లా వస్తుందో వాళ్లకు పుస్తకం చెప్పనక్కర లేదు. అద్దాలు కుట్టే చేతికి కొలత తెలుసు, లెక్క తెలుసు. ఎవరూ పాఠం చెప్పకుండానే గోర్ బోలి నోటికొచ్చింది. ఇంత తెలిసిన పిల్ల మొదటి రోజు బడికి పోయి 'యాడి', 'బాటి' అంటే టీచరుకు అర్థం కాదు. అమ్మ, రొట్టె అనడం వచ్చేదాకా ఆమె ఏమీ రాని పిల్లగానే లెక్క. బడి మానడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. వలస దాన్ని పూర్తి చేస్తుంది.

ఈ సంగతి సర్కారుకు తెలియదనలేం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, సవరలతోపాటు మన బంజారా కూడా అందులో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం సైతం వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని చెప్పింది. బడి మానిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. బ్రిడ్జి కోర్సులు, వలస పోయేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు, గురుకులాలు ఇట్లా వచ్చినవే. వీటిలో లోపాలు లేవని కాదు. హాస్టల్లో అన్నం దొరుకుతుంది, సర్టిఫికెట్ వస్తుంది. కానీ పండుగకు ఇంటికొచ్చిన పిల్ల అమ్మమ్మతో మాట్లాడటానికి మాటలు వెతుక్కుంటుంది.

ఈ రెంటికీ నడుమ ఇంకొక దారిని జహీరాబాదే చూపించింది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా సంఘాలు మాచ్‌నూర్‌లో 'పచ్చసాలె' నడిపాయి. పనికి పోయే పిల్లల కోసం పెట్టిన బడి అది. అక్కడ పాఠాలతోపాటు వ్యవసాయం, వడ్రంగం, కుట్టుపని, మందు మొక్కల గుణాలు నేర్పారు. పిల్లలు పదో తరగతి పరీక్షా రాశారు. తల్లికి తెలిసిన విద్య బడిలో పాఠమైంది, బడి చదువు పరీక్షకూ పనికొచ్చింది. అయితే ఇట్లాంటి బడి ఒకటీ రెండూ ఉంటాయి. తండాలు వందలున్నాయి. ఒక సంస్థ మంచితనం మీద మన పిల్లలందరి చదువూ ఆధారపడకూడదు.

ఇక్కడ ఇంకొక ప్రశ్న అడగాలి. తల్లిదండ్రులు, తండా, సర్కారు అందరి మాటా వింటున్నాం. పిల్ల మాట ఎవరు వింటున్నారు? అమెరికాలో ఆమిష్ అనే ఒక వ్యవసాయ సమాజం ఉంది. తమ పిల్లలకు ఎనిమిదో తరగతి చాలు, తర్వాత చేనూ ఇల్లూ నేర్పుతాయని వాళ్లు కోర్టుకు పోయారు. 1972లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ల వైపే తీర్పు ఇచ్చింది. కానీ జస్టిస్ విలియం డగ్లస్ కొంత విభేదించారు. ఆ పిల్లవాడు రేపు సంగీతకారుడో వ్యోమగామో కావాలనుకోవచ్చు కదా, వాణ్నీ అడగాలి కదా అన్నది ఆయన వాదన. ఆమిష్‌ల మాదిరిగానే మనకూ మన పద్ధతి ముద్దు. అందుకే ఆ ప్రశ్న మనకూ తగులుతుంది. సంస్కృతిని కాపాడే పేరుతో ఆడపిల్లను ఏడో తరగతితో ఆపేస్తే అది సంస్కృతికి చేసిన సేవ కాదు, పిల్లకు చేసిన అన్యాయం.

కాబట్టి నా మట్టుకు నేను సర్కారు చదువు వైపే నిలబడతాను. అది బాగుందని కాదు. అది బాగా లేకపోతే అడగటానికి ఒక చోటు ఉంది కనుక. ఇంట్లో చదువు చెడితే పిల్ల ఎవరిని అడగాలి? చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. ఇప్పుడు మన పంచాయతీలో మనమే కూర్చుంటున్నాం. గోర్ బోలి తెలిసిన టీచరు కావాలని, కోతల కాలంలో హాస్టల్ ఊళ్లోనే తెరవాలని తీర్మానం రాయడానికి కాగితం, సంతకం చాలు.

ఉపాధ్యాయులకు ఒక మాట. రేపు మీ తరగతిలో ఒక పిల్ల 'బాటి' అంటే తప్పు దిద్దకండి. ఆ మాటను బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాయండి, పక్కన 'రొట్టె' అని రాయండి. చదువుకున్న తండా యువతకూ ఒక మాట. సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చోండి. బడిలో దొరకనిది ఆమె దగ్గర ఉంది, ఆమెకు దొరకని బడి మీకు దొరికింది.