చిగురు ఎరుపు, తెగులు ఎరుపు

గులాబీ కొత్త చిగురు చాలా రకాల్లో పచ్చగా రాదు. ముదురు ఎరుపుగానో, రాగి రంగులోనో, ఊదా ఛాయతోనో వస్తుంది. లేత ఆకులో పత్రహరితం ఇంకా నిండి ఉండదు. ఆలోగా ఆంథోసయనిన్ అనే వర్ణకం చేరి, ఎండ తీవ్రత నుంచి ఆ లేత కణజాలాన్ని కాపాడుతుంది. మామిడి, వేప, రావి చిగుళ్ల ఎరుపు కూడా ఈ వర్ణకానిదే. ఆకు ముదిరేకొద్దీ ఎరుపు తగ్గి పచ్చదనం నిలుస్తుంది. అయితే గులాబీని చంపే ఒక తెగులు కూడా ఎర్రటి కొత్త కొమ్మలతోనే బయటపడుతుంది. ఒకే రంగు ఒక మొక్కలో ఎదుగుదలకు, పక్క మొక్కలో చావుకు గుర్తు అయినప్పుడు రెండు ప్రశ్నలు లేస్తాయి. కంటికి కనబడే గుర్తును బట్టి కనబడనిదాన్ని నిశ్చయించడం ఎంతవరకు చెల్లుతుంది? అసలు రోగం అనేది మొక్కలో ఉన్నదా, చూసేవారి కోరికలో ఉన్నదా? మొదటి ప్రశ్నకు భారతీయ తార్కికులు చాలా దూరం సమాధానం చెప్పారు. రెండోది ఇప్పటికీ వాదంలోనే ఉంది.

ఆ తెగులు పేరు రోజ్ రోజెట్. 1940ల తొలినాళ్లలో కెనడాలోని మానిటోబాలోనూ, అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోనూ కనబడింది. దానికి కారణం ఒక వైరస్ అని 2011లో గాని తేలలేదు. కంటికి ఆనని ఒక నల్లి దాన్ని మోస్తుంది. ఈ నల్లికి రెక్కలు లేవు, గాలివాటున మొక్క నుంచి మొక్కకు చేరుతుంది. నేలకోతను ఆపడానికీ, పొలాల కంచెకూ అమెరికాలో విరివిగా నాటిన మల్టీఫ్లోరా అనే ఆసియా గులాబీ దీనికి ఆశ్రయమైంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ ప్రాంతంలో 2010ల తర్వాత ఇది తోటలకు తోటలనే దెబ్బతీసింది. సోకిన మొక్క సాధారణంగా కొన్నేళ్లలో చనిపోతుంది. మందు లేదు.

దీన్ని గుర్తుపట్టడం కష్టం కావడానికి కారణం, తొలి దశలో ఇది జబ్బులా కనిపించకపోవడమే. కొమ్మ వాడదు, ఆకు రాలదు. పైగా కొత్త కొమ్మ మిగతావాటికంటే వేగంగా, బలంగా సాగుతుంది. ఎరువు బాగా పట్టిందని యజమాని సంతోషించే దశ అదే. ఎదుగుదలే ఆరోగ్యమనే సహజమైన నమ్మకాన్ని ఈ తెగులు తలకిందులు చేస్తుంది.

న్యాయమనే తర్కశాస్త్రానికి మూలమైన గౌతముని న్యాయసూత్రాల్లో ఈ చిక్కుకు సరిగ్గా సరిపోయే చర్చ ఒకటి ఉంది. నది పొంగితే ఎగువన వాన కురిసిందని ఊహిస్తారు. దానికి ప్రతివాది అభ్యంతరం చెబుతాడు: దిగువన అడ్డుకట్ట పడినా నీరు పెరుగుతుంది కదా, అలాంటప్పుడు అనుమానం, అంటే గుర్తును బట్టి చేసే ఊహ, ప్రమాణం ఎలా అవుతుంది? సిద్ధాంతి జవాబు లోతైనది. నీరు పెరగడం ఒక్కటే హేతువు కాదు. వరద నీటికి వేగం ఉంటుంది, నురగ ఉంటుంది, ఆకులు, కొమ్మలు, కట్టెలు కొట్టుకొస్తుంటాయి. అడ్డుకట్ట వెనుక నిలిచిన నీటికి ఇవేవీ ఉండవు. విశేషాలను విడిచిపెట్టి మొండి ధర్మాన్ని హేతువుగా పట్టుకున్నది మనిషి. కాబట్టి తప్పు అతనిదే గాని అనుమానానిది కాదని ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం తేలుస్తుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నేటికీ న్యాయానికి తొలి పాఠ్యగ్రంథం. అది ఇలాంటి దోషాన్ని సవ్యభిచారమంటుంది. సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్నచోటా లేనిచోటా కూడా కనబడే హేతువు ఏ నిశ్చయాన్నీ ఇవ్వలేదు. గులాబీ చిగురు ఎరుపు అచ్చంగా ఇలాంటి హేతువే.

కాబట్టి చూడవలసినది ఎరుపును కాదు, ఎరుపు నడకను. మామూలు చిగురు కొన్ని వారాల్లో కింది ఆకు నుంచి పైకి వరసగా పచ్చబడుతుంది. తెగులు కొమ్మ సాగుతూనే ఉంటుంది, ఆకు ముదురుతూనే ఉంటుంది గాని ఎరుపు చాలాసార్లు వదలదు. తర్వాత కొమ్మ మందం చూడాలి. కొత్త కొమ్మ తాను పుట్టిన పాత కొమ్మకంటే లావుగా ఉంటే అది అనుమానాస్పదం. ఇక ముళ్లు. తెగులు కొమ్మ చుట్టూ ముళ్లు లెక్కకు మించి, సందు లేకుండా పుడతాయి. వేలితో నొక్కితే తొలి రోజుల్లో మెత్తగా వంగుతాయి. ఆకులు ముడతపడి సన్నబడతాయి, ఒకే చోట నుంచి చీపురుకట్టలా పిలకలు గుంపుగా లేస్తాయి, మొగ్గలు వంకరపోతాయి.

ఇక్కడ కూడా ఏ ఒక్క లక్షణమూ ఒంటరిగా నిలవదు. గ్లైఫోసేట్ కలుపుమందు తుంపర్లు సోకిన గులాబీలో సన్నని ఆకులతో ఇలాంటి గుంపు పిలకలే వస్తాయి. కానీ ముళ్లు అతిగా పెరగవు. మాస్ గులాబీల కాడలకు మెత్తని నూగు దట్టంగా ఉండటం ఆ జాతి స్వభావం. రోసా సెరిసియా జాతిలో ఒక రకానికి వెడల్పాటి ఎర్రటి ముళ్లే అందం. కొన్ని రకాల్లో వేరు దగ్గర నుంచి లేచే ఆరోగ్యమైన కొత్త కొమ్మ పాతవాటికంటే లావుగానే ఉంటుంది. అందుచేత కొలత పుస్తకంలోని సగటు గులాబీ కాదు. ఆ రకం, ఆ మొక్క, నిరుడు అదే మొక్క వేసిన చిగురు, ఇవే కొలతలు. పదిరోజులు వరసగా చూసిన కన్ను ఒక్కరోజు చూసిన కన్నుకంటే ఎక్కువ చెబుతుంది. గుర్తు అనేది ఒక క్షణంలో ఉండదు, కాలంలో సాగుతుంది.

రెండో ప్రశ్న దగ్గర ఇంత తేలిక లేదు. నువ్వు చేలో వెర్రి తెగులు సోకితే పూలు ఆకులుగా మారిపోతాయి. కాయ కట్టదు, రైతుకు గింజ దక్కదు. దాన్ని రోగమనడానికి ఎవరూ సందేహించరు. అయితే విరిడిఫ్లోరా అనే పచ్చ గులాబీకి కూడా రేకుల చోట ఆకుల్లాంటి పచ్చని రక్షక పత్రాలే వస్తాయి. దాన్ని 19వ శతాబ్దం నుంచి వింతగా, ముచ్చటగా పెంచుతున్నారు. క్రిస్మస్ కుండీల్లో గుబురుగా కొమ్మలు వేసే పాయిన్‌సెట్టియాల సంగతి ఇంకా విచిత్రం. ఆ గుబురుదనం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకడం వల్ల వచ్చిందని 1997లో రుజువైంది. సోకని మొక్క నిటారుగా, పలచగా పెరుగుతుంది, దానికి గిరాకీ లేదు. మరి రోగి ఏ మొక్క?

అమెరికన్ తాత్త్వికుడు క్రిస్టఫర్ బూర్స్ 1977లో రోగం కోరికలతో సంబంధం లేని జీవశాస్త్ర వాస్తవమని వాదించాడు. జీవి అవయవాలు తమ జాతికి సహజమైన పని సామర్థ్యాన్ని కోల్పోవడమే రోగం. ఫ్రెంచి వైద్యుడు, తాత్త్వికుడు జార్జ్ కాంగిలెమ్ 1943లోనే వేరే దారి చూపాడు. సగటు నుంచి తప్పడం రోగం కాదు. మారే పరిస్థితులకు తగ్గట్టు తన నడతను తానే మార్చుకోగలగడం ఆరోగ్యం, ఆ వెసులుబాటు కుంచించుకుపోవడం రోగం. గులాబీ దగ్గర కాంగిలెమ్ మాటే ఎక్కువ నిలుస్తుంది. ఆరోగ్యమైన చిగురు ఎర్రగా మొదలై పచ్చబడుతుంది, పొడవై ఆగుతుంది, ముల్లు గట్టిపడుతుంది, మొగ్గ తొడుగుతుంది. ప్రతి దశ తర్వాతి దశకు చోటిస్తుంది. తెగులు కొమ్మ ఆ దశలు దాటలేక, పెరగడమొక్కటే పనిగా పెట్టుకుంటుంది. ఈ తేడాకు యజమాని ఇష్టాయిష్టాలతో పని లేదు. పాయిన్‌సెట్టియా మాత్రం ఈ నిర్వచనానికి పూర్తిగా లొంగదు. సోకిన మొక్క తన జాతి తీరు తప్పినా చావడం లేదు, మనిషి చేతుల్లో ప్రపంచమంతా వ్యాపించింది కూడా.

ఆచరణలో మరో చిక్కుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. కాల్చిన ఇనుప గుండును తార్కికులు దీనికి ఉదాహరణగా చెబుతారు. వైరస్ సోకిన గులాబీ కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలపాటు ఏ లక్షణమూ చూపదు. తెగులు గుర్తు లేకపోవడం ఆరోగ్యానికి రుజువు కాదు. ఇటు సందేహంతోనే మొక్కను పీకేయడమూ న్యాయం కాదు. మామూలు చిగురుకు భయపడి పెరికేసిన గులాబీలు తక్కువేమీ కాదు. సందేహాన్నీ నిర్ణయాన్నీ న్యాయశాస్త్రం వేర్వేరు పదార్థాలుగా, అంటే చర్చాంశాలుగా, లెక్కించింది, ఆ రెంటి నడుమ విచారణకు చోటుంది. ఒకే కొమ్మ మీద అనుమానం ఉంటే దాన్ని మొదలంటా కోసి కనిపెట్టి ఉండవచ్చు, తొలి దశలో ఇది కొన్నిసార్లు మొక్కను కాపాడుతుంది. ప్రయోగశాల పరీక్షలో వైరస్‌ను నేరుగా గుర్తించవచ్చు. లక్షణాలన్నీ కలిసి కనబడ్డాక మాత్రం ఆలస్యం పనికిరాదు, ఎందుకంటే నల్లికి ఇంటి సరిహద్దు లేదు. మొక్కను వేర్లతో సహా తీసి, సంచిలో కట్టి పారవేయాలి. మట్టిలో వైరస్ బతకదు గాని, మిగిలిన వేరు మళ్లీ చిగురిస్తే అందులో అది ఉంటుంది. చుట్టుపక్కల గులాబీలను ఆ తర్వాత వచ్చే ప్రతి చిగురులోనూ పరిశీలించాలి.