నేను రాయలేకపోయిన జవాబు

విజయనగరం,
సిరిమానోత్సవం మర్నాడు, బుధవారం.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పండక్కి మీ అమ్మ వచ్చింది. నిన్న మూడు లాంతర్ల దగ్గర సిరిమాను కదులుతుంటే ఊరంతా తలెత్తి దండం పెట్టింది, ఆమె మాత్రం తల వంచుకునే ఉంది. రాత్రి కంచం ముందు కూర్చుని అంతా చెప్పింది. నీకు చార్జి మెమో వచ్చిందట, నిద్ర పోవడం లేదట. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాను మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

నాకు తెలిసినంతలో సంగతి ఇది. నిరుడు నీ స్టేషన్ పరిధిలోని ఒక ఊళ్లో హత్య జరిగింది. నిందితుడు బెయిలు మీద వచ్చాడు. దారి కాసి తన మొగుణ్ని కత్తితో కొట్టారని అతని భార్య కాగితం పట్టుకొచ్చింది. నువ్వు రెండు పక్షాలనూ పిలిపించి, మందలించి పంపేశావు. ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. పదోరోజున అతన్ని నరికేశారు. ఇప్పుడు ఆ హత్య దర్యాప్తు నీ చేతిలో ఉంది, నీ మీద విచారణ ఇంకొకరి చేతిలో ఉంది. "ఇన్నేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తే నన్నే దోషిలా నిలబెట్టారు" అని అమ్మతో అన్నావట.

అల్లుడూ, నేనెవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. నేను స్టేషన్ రైటర్‌గా ఉన్న రోజుల్లో, ఒక హత్య కేసులో సాక్షి ఇంటికి వెళ్లకుండానే వాంగ్మూలం రాసేశాను. కోర్టులో ఆ సాక్షి "నన్నెవరూ అడగలేదు" అన్నాడు. కేసు కొట్టేశారు. విచారణలో నేను వెళ్లాననే చెప్పాను, బయటపడ్డాను. మరుసటి ఏడు హతుడి తమ్ముడు, విడుదలైనవాణ్ని సంతలో పొడిచి తానే స్టేషన్‌కి నడిచొచ్చాడు. "మీరు సెయ్యనేదు బాబూ, నాను సేసీసినాను" అన్నాడు. ఆ శవ పంచనామా రాసింది ఈ చేయే.

అప్పటినుంచి నేను నమ్మేది ఒకటే. జవాబు చెప్పేవాడు లేనిచోట పగ పుడుతుంది.

మన జిల్లాల చరిత్రే చూడు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటికొచ్చారు. భూమి, అప్పు, వెట్టి అక్కడ ఎప్పటినుంచో రగులుతున్నవే. కానీ ఆ తీర్పుతో చట్టం మీద మిగిలిన కాస్త ఆశా ఆరిపోయింది. 1968 చివరి నుంచి ఇటు భూస్వాముల, షావుకార్ల ఇళ్ల మీద దాడులు, హత్యలు, అటు ఎన్‌కౌంటర్లు. 1970 జూలైలో ఆ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు కాల్పుల్లో పోయారు. సత్యం బడిపంతులు. పిల్లలకు అక్షరాలు దిద్దించినవాడు తుపాకీ పట్టేదాకా వచ్చిందంటే, అంతకుముందు ఎన్ని అర్జీలకు జవాబు రాలేదో ఆలోచించు.

కారంచేడులో 1985 జూలై 17న దళితుల్ని చంపారు. నక్సలైట్లు 1989లోనే ప్రధాన నిందితుణ్ని హత్య చేశారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. పగకు నాలుగేళ్లు, చట్టానికి ఇరవై మూడేళ్లు. ఇక వంగర మండలం లక్ష్మీపేట. 2012 జూన్ 12న అయిదుగురు దళితులు హతులయ్యారు. బాధితులు ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టమని పట్టుబట్టారు. అంత దుఃఖంలోనూ వాళ్లు కోరింది తలలు కాదు, తమ కళ్లముందు విచారణ. చట్టం మీద జనం పెట్టుకునే నమ్మకం అంత బరువైనది. అది మోయడానికే నీ ఒంటి మీద ఖాకీ ఉంది.

కాబట్టి విను. జనరల్ డైరీలో పాత తేదీతో ఒక్క అక్షరం కూడా చేర్చకు. హతుడి భార్య కాగితం పట్టుకుని ఏ రోజున వచ్చింది, ఏం చెప్పింది, నువ్వేం చెయ్యలేదు, ఉన్నదున్నట్టు మెమోకు జవాబు రాయి. కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నీకు తెలియనిది కాదు. రాజీతో ఊరు చల్లబడుతుందనుకున్నావు. అనుకున్నది తప్పైంది. అలాగే రాయి.

రెండోది, దర్యాప్తు వేరే అధికారికి అప్పగించమని ఎస్పీ గారిని నువ్వే రాతపూర్వకంగా అడుగు. నీ తప్పుకు సాక్షి అయిన ఆమే ఈ హత్య కేసులోనూ నీ సాక్షి. ఎన్‌కౌంటర్ కేసుల్ని సీఐడీ గానీ వేరే స్టేషన్ వాళ్లు గానీ దర్యాప్తు చెయ్యాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. నీది ఎన్‌కౌంటర్ కాదు, కానీ ఆ ధర్మం నీకూ వర్తిస్తుంది.

ఉత్తర్వు వచ్చేదాకా పని ఆపకు. పోయిన పేరు నిలబెట్టుకోవాలని తొందరపడి ఎవరి మెడకో కేసు తగిలించకు. నీ ముందు ఒప్పుకున్నంత మాత్రాన అది సాక్ష్యం కాదు. సోదాలకు, స్వాధీనాలకు వీడియో తియ్యాలని 2024 జూలై 1 నుంచి చట్టమే అంటోంది. ఆ కెమెరా నిందితుడికీ రక్ష, నీకూ రక్ష.

ఆ ఊళ్లో ఇప్పుడు ఇద్దరు వితంతువులున్నారు. ఇద్దరి పిల్లలూ ఒకే బడికి వెళ్తుంటారు. పదేళ్లకు వాళ్లలో ఎవడు కత్తి తీస్తాడన్నది, ఈ రెండు కేసులూ కోర్టులో నిలబడ్డాయా లేదా అన్నదాని మీదే ఉంటుంది. ఆ తల్లులను చట్టం మీద నమ్మకముంచమని అడిగే నువ్వు, అదే చట్టం నిన్ను ప్రశ్నిస్తే మొహం తిప్పుకోకూడదు నాయనా.

శిక్ష పడితే పడనీ. ఇంక్రిమెంటు పోయినా, వేకెన్సీ రిజర్వ్‌కి పంపినా, మన ఇంట్లో నీ కంచం నీకుంటుంది. అమ్మకు రోజూ ఒకసారి ఫోన్ చెయ్యి.

జవాబు రాశాక నకలు ఒకటి నాకు పంపు. నా వంతు వచ్చినప్పుడు నేను రాయలేకపోయిన కాగితం అది. నీ చేతిరాతలో చదువుకోవాలని ఉంది.

ఆశీస్సులతో,
మావయ్య