కార్డు చెప్పిందా, మనమే చెప్పించుకున్నామా?



యక్షప్రశ్నల వీడియో పెట్టిన దగ్గర్నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "హిందువులం కదా, టారో కార్డులు చూడొచ్చా? పాపం ఏమైనా ఉందా?" వీడియోలో రెండు నిమిషాల్లో తేల్చేసే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను పండితుణ్ణి కాదు, పొద్దున లేస్తే కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ ఈ విషయంలో ఒక తప్పు చేశాను. ముందు అది చెప్పాలి.

రెండేళ్ల కిందట ఒక టారో డెక్ కొన్నాను. జోస్యం కోసం కాదు, బొమ్మల కోసం. 78 కార్డుల నిండా కథల్లోని జంతువులే. డ్రాగన్లు, మంటల్లోంచి లేచే ఫీనిక్స్, ఒంటికొమ్ము గుర్రం, సింహం ఒంటికి గద్ద తల ఉన్న గ్రిఫిన్. ఆఫీసుకి తీసుకెళ్తే లంచ్ టైమ్‌లో అందరూ చుట్టూ చేరేవారు. "నాకు ప్రమోషన్ వస్తుందా?" "ఆ అమ్మాయి రిప్లై ఇస్తుందా?" ఒక కార్డు తీయించి, డెక్‌తో వచ్చిన చిన్న పుస్తకం చూసి ఏదో చెప్పేవాణ్ణి. నవ్వుకునేవాళ్లం. అంతే.

ఒకరోజు రాత్రి నా రూమ్మేట్ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఉద్యోగం పోయి అప్పటికి రెండు వారాలు. ఇంట్లో చెప్పలేదు. "ఒరేయ్, నాన్నకి ఇప్పుడే చెప్పెయ్యనా, ఇంకో జాబ్ వచ్చాక చెప్పనా? ఒక కార్డు తియ్యి" అన్నాడు. వచ్చిన కార్డులో నాలుగు బంగారు నాణేలని చుట్టుకుని పడుకున్న డ్రాగన్ ఉంది. ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోమని పుస్తకంలో అర్థం. "ఆగమంటోందిరా" అన్నాను. వాడి భుజాలు ఒక్కసారిగా కిందికి దిగడం నాకింకా గుర్తుంది.

వాడు నాలుగు నెలలు ఆగాడు. క్రెడిట్ కార్డు మీద అప్పు తీసి, ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం పంపినట్టే ఇంటికి పంపాడు. ఆ డబ్బు వస్తోందన్న ధైర్యంతో వాళ్ల నాన్నగారు మేడ మీద ఒక గది వేద్దామని మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చారు. చివరికి ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర, ఎవరో బంధువు "మీవాడికి మళ్లీ ఏమైనా దొరికిందా అండీ?" అని అడిగితే ఆయనకి తెలిసింది. ఉద్యోగం పోయినందుకు ఆయన బాధపడలేదు. నలుగురిలో అలా తెలిసినందుకు బాధపడ్డారు.

నేను వాడికి సారీ చెప్పాను. వాడు అన్నమాట ఇది. "నువ్వు చెప్పావని కాదురా. నాకే ఆగాలని ఉంది. ఎవరో ఒకరు ఆగమంటే బాగుండు అనుకున్నా. కార్డు అంది."

ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మాట గురించే.

ఈ కార్డులు ఎక్కడివి?

టారో అనగానే ఏదో ప్రాచీన రహస్య విద్య అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఇది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా లాంటి చోట్ల రాజకుటుంబాలు ఆడుకున్న పేకాట. మామూలు పేకకి 22 ప్రత్యేకమైన బొమ్మల కార్డులు కలిపారు. అవి తురుపు ముక్కలు. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఆ కార్డులతో ఆట ఆడేవాళ్లు ఉన్నారు.

మరి జోస్యం ఎప్పుడు వచ్చింది? 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి రచయిత, ఈ బొమ్మల్లో ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానం దాగి ఉందని రాశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగినవాళ్లు ప్రపంచంలో ఒక్కరూ లేరు. షాంపోలియన్ ఆ లిపిని ఛేదించింది 1822లో. అంటే చదవడం రాని భాషలో ఏముందో ముందే చెప్పేశారన్నమాట. తర్వాత చదవడం వచ్చింది కానీ, అందులో టారో ఎక్కడా కనిపించలేదు. కథ మాత్రం నిలబడిపోయింది.

ఈరోజు మనం చూసే చాలా డెక్‌లకి నమూనా 1909లో లండన్‌లో వచ్చింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన చెబితే, పామెలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది. అందులోనే వింత జంతువులు చాలా ఉన్నాయి. రథం కార్డులో గుర్రాల బదులు నల్లదొకటి, తెల్లదొకటి రెండు స్ఫింక్స్‌లు. అదృష్టచక్రం కార్డులో చక్రం పైన కత్తి పట్టుకున్న స్ఫింక్స్, ఒక పక్క కిందికి దిగుతున్న పాము, నాలుగు మూలలా రెక్కలున్న మనిషి, గద్ద, ఎద్దు, సింహం. తర్వాతి కాలం చిత్రకారులు ఆ దారిలోనే డ్రాగన్ల డెక్, ఒంటికొమ్ము గుర్రాల డెక్ అంటూ వేసుకుంటూ పోయారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. యూరప్ కథల్లో డ్రాగన్ బంగారం మీద పడుకునే పిసినారి. చైనాలో అదే డ్రాగన్ వానలు కురిపించే మంగళకరమైన ప్రాణి. మన ఊళ్లలో లంకెబిందెల మీద పాము కాపలా ఉంటుందంటారు. మా తాతయ్యకి ఆ కార్డు చూపిస్తే "అత్యాశకి పోకు" అని చదివేవారేమో. బొమ్మ ఒకటే, అర్థం చూసేవాడిది.

మనకి లేనిదా?

"ఇది విదేశీ పద్ధతి, అందుకే తప్పు" అనేవాళ్లున్నారు. నాకు ఆ వాదన నిలబడదనిపిస్తుంది. చిలక జోస్యం మనదే కదా. చిలక పంజరంలోంచి బయటికొచ్చి, వరసగా పేర్చిన వాటిలోంచి ఒకటి ముక్కుతో లాగుతుంది. దాంట్లో దేవుడి బొమ్మ ఉంటుంది. జోస్యుడు దాన్ని చూసి చెబుతాడు. పద్ధతిలో టారోకి, దానికి పెద్ద తేడా లేదు. ఇంకా నిజం చెప్పాలంటే ముక్క తీసేది చిలక కాబట్టి మన ఇష్టం కాస్త తక్కువ కలుస్తుంది!

బొమ్మల కార్డులు కూడా మనకి కొత్త కాదు. దశావతార గంజీఫా గురించి విన్నారా? గుండ్రటి కార్డులు. పది అవతారాలకి పది రంగులు, ఒక్కో రంగుకి 12 ముక్కలు, మొత్తం 120. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం అన్నీ అందులో ఉంటాయి. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో, బెంగాల్‌లోని బిష్ణుపూర్‌లో ఈ కళ ప్రసిద్ధి. మైసూరు రాజు మూడో కృష్ణరాజ వడయార్ కార్డు ఆటల మీద ప్రత్యేకమైన ఇష్టంతో కొత్త ఆటలే రూపొందించారు. అదీ ఆటే, టారో కూడా మొదట ఆటే. ఒకటి ఆటగానే మిగిలింది, ఇంకొకటి జోస్యం అయింది. తేడా కార్డులో లేదు, దాని ముందు కూర్చున్నవాళ్లు ఏం అడిగారన్నదాంట్లో ఉంది.

మరి "కరెక్ట్‌గా" ఎందుకు చెబుతుంది?

లెక్క చూద్దాం. 78 కార్డుల్లోంచి వరసగా మూడు తీస్తే 4,56,456 రకాలుగా రావచ్చు. ఏ వరస వచ్చినా మనకి సరిపోయినట్టే ఉంటుంది. అదే కదా అనుమానించాల్సిన విషయం. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా "పాస్" అనే టెస్ట్‌ని మా టీమ్‌లో ఎవరూ టెస్ట్ అనరు.

1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వ విశ్లేషణ వాళ్లకి ఇస్తున్నానని కాగితాలు పంచాడు. ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అసలు సంగతేంటంటే అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే. అందులో వాక్యాలు చాలావరకు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవే.

మనుషులు మూర్ఖులని ఇది చెప్పట్లేదు. ఏ మాటకైనా మన జీవితాన్ని తొడిగి చూసుకోగలం, అంత సృజన మనలో ఉంది. దాన్నంతా మనం ముందే కోరుకున్న జవాబు కోసం వాడుకుంటే మా రూమ్మేట్‌కి జరిగిందే జరుగుతుంది.

మన కథల్లో జంతువు చెప్పదు, అడుగుతుంది

ఇప్పుడు యక్షప్రశ్నల దగ్గరికి వద్దాం. అరణ్యపర్వం చివర, దాహంతో ఉన్న పాండవులు ఒక్కొక్కరే చెరువు దగ్గరికి వెళ్తారు. ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పి తర్వాత నీళ్లు తాగమంటుంది ఒక గొంతు. నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు నలుగురూ వినరు. నీళ్లు తాగి పడిపోతారు. ధర్మరాజు ఆగుతాడు. కొంగ రూపంలో ఉన్న యక్షుడు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాడు.

అదే పర్వంలో ఇంకో కథ. భీముణ్ణి కొండచిలువ చుట్టేస్తుంది. అది శాపం పొందిన నహుషుడు. అది కూడా ధర్మరాజుని ప్రశ్నలే అడుగుతుంది. టారో కార్డు మీద కూర్చున్న స్ఫింక్స్ సంగతీ అంతే. గ్రీకు కథలో అది థీబ్స్ నగరం బయట కూర్చుని దారినపోయేవాళ్లకి పొడుపుకథ వేస్తుంది.

ఇన్ని దేశాల్లో, ఇన్ని కథల్లో వింత ప్రాణి దారికి అడ్డంగా నిలబడి మనిషిని అడిగింది. మనమేమో దాన్ని కార్డు మీదకెక్కించి "నువ్వే చెప్పు" అంటున్నాం. ప్రశ్న దాటేసి నీళ్లు తాగాలనుకోవడం అంటే ఇదే.

ఆ రాత్రి డ్రాగన్‌ని నేను ప్రశ్నగా చూసి ఉంటే? "నువ్వు చుట్టుకుని కాపలా కాస్తున్నది దేన్నిరా? నాన్న ఆరోగ్యాన్నా, నీ పరువునా?" అని వాణ్ణి అడిగి ఉంటే? వాడు పది నిమిషాలు మౌనంగా కూర్చుని, ఫోన్ తీసి ఉండేవాడేమో. తీయకపోయినా, ఆ నిర్ణయం వాడిది అని వాడికి తెలిసి ఉండేది.

మరి జాతకం, ముహూర్తం సంగతేంటి?

ఇది న్యాయమైన ప్రశ్న. మా ఇంట్లోనూ ముహూర్తం చూడకుండా ఏదీ చెయ్యరు. కానీ గమనించండి, ముహూర్తం అడిగేటప్పటికి పెళ్లి చెయ్యాలని మనం నిశ్చయించుకునే ఉంటాం. ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే అడుగుతున్నాం. నాన్నకి నిజం చెప్పాలా వద్దా అన్నదానికి ముహూర్తం ఉండదు. జాతకం పేరుతోనైనా సరే, ధర్మం తేల్చాల్సిన పనిని దాని మీదకి తోసేస్తే అది కూడా డ్రాగన్ కార్డే.

"భగవద్గీతలో కృష్ణుడు భవిష్యత్తు చూపించాడు కదా?" అంటారు. చూపించాడు, పదకొండో అధ్యాయంలో. కౌరవ వీరులు కాలం నోట్లోకి వెళ్లిపోవడం అర్జునుడు కళ్లారా చూశాడు. ఏమైంది? భయంతో వణికిపోయాడు. అక్కడితో గీత అయిపోలేదు. ఇంకా ఏడు అధ్యాయాలు నడిచింది. భవిష్యత్తు చూశాక కూడా అర్జునుడికి అడగాల్సింది మిగిలింది, కృష్ణుడికి చెప్పాల్సింది మిగిలింది. అంతా చెప్పి, పద్ధెనిమిదో అధ్యాయంలో, దీన్ని పూర్తిగా ఆలోచించుకుని నీకు ఎలా అనిపిస్తే అలా చెయ్యమన్నాడు. సాక్షాత్తూ భగవంతుడే మన నిర్ణయాన్ని మన చేతిలోంచి లాక్కోలేదు. అలాంటిది ఒక అట్టముక్కకి ఇచ్చేద్దామా?

ధర్మరాజు యక్షుడి దగ్గర చివరికి ఏం చేశాడో కూడా గుర్తు చేసుకోండి. ఒక్క తమ్ముణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలని అడిగితే నకులుణ్ణి కోరాడు. రాబోయే యుద్ధానికి భీముడో అర్జునుడో కావాలి. అయినా కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు ఉండాలన్నాడు. ముందు ఏం జరుగుతుందో తెలిసి కాదు, ఏది న్యాయమో తెలిసి తీసుకున్న నిర్ణయం అది. దానికే నలుగురూ లేచి కూర్చున్నారు.

కాబట్టి పాపమా అని అడిగితే నా జవాబు ఇది. బొమ్మలు చూడ్డంలో, వాటి ముందు కూర్చుని ఆలోచించుకోవడంలో నాకు తప్పు కనిపించట్లేదు. నేను మోయాల్సిన నిర్ణయాన్ని కార్డు మీద పెట్టడం తప్పు. ఇంకొకరి జీవితం గురించి పుస్తకం చూసి "ఆగమంటోంది" అనెయ్యడం అంతకంటే పెద్ద తప్పు. అది నేను చేశాను.

ఆ డెక్ ఇప్పటికీ నా షెల్ఫ్‌లో ఉంది. క్యాంటీన్‌కి తీసుకెళ్లట్లేదు. మా రూమ్మేట్‌కి తర్వాత ఉద్యోగం వచ్చింది. మేడ మీద గది మాత్రం ఇంకా సగంలోనే ఉంది. మొన్న పండక్కి వాళ్లింటికి వెళ్తే నాన్నగారు ఆ గోడలు చూపించి, "తొందరేముంది బాబూ, నెమ్మదిగా పూర్తి చేద్దాం" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తల దించుకున్నాను.

ఈ వారం మిమ్మల్ని వేధిస్తున్న ప్రశ్న ఏదైనా ఉంటే, ఎవరో ఒకరు "ఆగు" అనో "వెళ్లు" అనో చెబితే బాగుండని అనిపిస్తే, ఒక్క క్షణం కళ్లు మూసుకోండి. మీరు ఏ జవాబు వినాలని ఎదురుచూస్తున్నారో చూసుకోండి. యక్షుడు నిలబడేది అక్కడే.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.