విడిచిపెట్టని దేహం

జనవరి 6, ప్రత్యక్షత పండుగ
చదవండి: యోహాను 1:1–14, లూకా 24:36–43, హెబ్రీయులకు 2:14–18

క్రిస్మస్ గడిచి పన్నెండు రోజులైంది. పశువుల తొట్టిని తలచుకున్నాం, పాటలు పాడుకున్నాం. దేవుడు మనిషిగా పుట్టాడని నమ్మే మనం ఆ తరువాతి ప్రశ్నను మాత్రం అరుదుగా అడుగుతాం. పుట్టినప్పుడు తీసుకున్న ఆ శరీరాన్ని ఆయన ఏం చేశాడు?

లూకా 24వ అధ్యాయంలో జవాబుంది. చనిపోయి లేచిన యేసు ఎదుట నిలబడితే శిష్యులు భూతమనుకొని జడిశారు. ఆయన తన చేతులు, కాళ్లు చూపించాడు, పట్టి చూడమన్నాడు. అప్పటికీ వాళ్లకు నమ్మకం కుదరకపోతే తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేపముక్క తీసుకొని వాళ్ల ముందే తిన్నాడు. మరణాన్ని గెలిచినవాడికి చేపముక్కతో పనేమిటి? తాను ఇంకా మనిషినేనని వాళ్లకు తెలియాలి. గాయాల గుర్తులున్న ఆ దేహంతోనే ఆయన పరలోకానికి ఎక్కిపోయాడు. ఈరోజు తండ్రి కుడిపక్కన కూర్చున్న కుమారుడు నిజ దేవుడు, నేటికీ నిజ మానవుడు.

ఇది మింగుడుపడని వాళ్లు తొలి సంఘంలోనే ఉన్నారు. దేవుడికి మాంసం, ఎముకలు ఏమిటి, చూసేవాళ్లకు అలా కనిపించాడంతే అన్నారు. యోహాను తన మొదటి పత్రికలో వాళ్లను గట్టిగా ఎదుర్కొన్నాడు. 325లో నికేయ మహాసభ యేసు సంపూర్ణంగా దేవుడని, 451లో కల్కెదోను మహాసభ ఆయన అంతే సంపూర్ణంగా మనిషి అని తేల్చి చెప్పాయి. మన ఓరుగల్లు పల్లెల్లో చిందు భాగవతులు ఆట కడితే, రాత్రంతా రాజుగా నిలిచినవాడు తెల్లారేసరికి కిరీటం తీసి, ముఖాన రంగు కడుక్కొని ఇంటిదారి పడతాడు. యేసు అలా వేషం కట్టలేదు. అందుకే పునరుత్థానపు తెల్లవారిన తరువాత కూడా ఆయనకు విప్పి పక్కన పెట్టాల్సిందేమీ లేకపోయింది.

పరిచర్య మొదలుపెట్టేనాటికి ఆయనకు సుమారు 30 ఏళ్లని లూకా రాశాడు. అంతవరకు ఆయన నజరేతులో ఉన్నాడు, ఊరివాళ్లకు వడ్రంగిగానే తెలుసు. ఆయన బతుకులో ఎక్కువ భాగం ఎవరూ రాసిపెట్టని మామూలు రోజులే.

ఈ నెలలో వర్ధన్నపేట చుట్టుపక్కల యాసంగి నాట్లు పడతాయి. చలి వదలని పొద్దున్నే ఆడవాళ్లు ఆటోల్లో పొలాలకు చేరతారు. చీర పైకి చెక్కి, బురదలో వంగి, ఎడమ చేత నారు కట్ట పట్టుకొని కుడి చేత్తో నాటుతూ వెనక్కి అడుగేస్తారు. మధ్యాహ్నం ఒడ్డు మీద సద్ది విప్పేదాకా నడుముకు తెరిపి ఉండదు. సాయంత్రానికి వేళ్ల సందులు నాని తెల్లబడతాయి, కొందరికి పుండ్లవుతాయి. రాత్రి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకొని, తెల్లారి మళ్లీ అదే బురదలోకి దిగుతారు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చాచేది ఆ చేతులనే. చేతులు కాయలు కాయడమంటే ఏమిటో ఆ బల్లకు యజమానియైన వాడికి తెలుసు.

దేవుడు మన దేహంతో మన పక్కన నిలిచాడంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకరు మన దగ్గరే బతికారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళులు, తిరునెల్వేలి ప్రాంతంవారు. వైఎంసీఏలో పెద్ద బాధ్యత వదిలి 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకొని, ఎక్కువగా మాల, మాదిగ కూలీలున్న పల్లెల్లో సంఘాన్ని కట్టారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు మీ స్నేహం కూడా కావాలని మొహమాటం లేకుండా అడిగారు. సాయం దూరం నుంచి కూడా చేయవచ్చు, స్నేహానికి మాత్రం పక్కన కూర్చోవాలి. 1912 డిసెంబర్ 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1939లో, సరిగ్గా ఈ పండుగ రోజే, దోర్నకల్‌లో ఈ పండుగ పేరే పెట్టిన ఎపిఫనీ కతీడ్రల్‌ను ప్రతిష్ఠించారు. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు దానివి. పరాయి దేశపు కట్టడాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టలేదు. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆయన దోర్నకల్‌ను వదల్లేదు.

దేవుడు మనిషి దేహాన్ని విడిచిపెట్టలేదంటే, ఏ మనిషి దేహమూ తక్కువది కాదు, అంటరానిది కాదు. అయినా మన ఊళ్లలో చాలాచోట్ల మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. ఒక్క ప్రభువు బల్లను రెండు వాడలకు పంచుకున్నాం. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ల ఇంట్లో మంచినీళ్లు తాగడానికి వెనకాడేవాళ్లూ మనలో ఉన్నారు. ఇలా ఉంటూ, వాక్యం శరీరధారి అయ్యాడని ఒప్పుకోవడం నోటిమాటే అవుతుంది.

ఈ వారంలో మీరు ఇంతవరకు గడప తొక్కని ఒక విశ్వాసి ఇంటికి వెళ్లండి. ప్రార్థన చేసి లేచి వచ్చేయకండి. వాళ్లు పెట్టింది తినండి, వాళ్లు చెప్పేది వినండి.

ప్రార్థన: ప్రభువా, మా ఆకలి, మా అలసట, మా మరణం తెలిసిన దేవుడవు నీవు. మనిషివై మా మధ్య నిలిచినందుకు నీకు స్తోత్రం. నాట్లలో, మిరపతోటల్లో, రోడ్ల మీద కష్టపడే మా వాళ్ల దేహాలకు బలమివ్వు. వాళ్ల కూలి ఎగవేయని మనసు మాకివ్వు. నీవు ప్రేమించిన మనుషుల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడకుండా మమ్మల్ని మార్చు. నీ నామంలోనే అడుగుతున్నాం ప్రభువా, ఆమేన్.